మూతి వంకరకు కరెంటు టెస్టు: శాతం కన్నా ముందు తేదీ అడగండి

(కర్నూలులో జూనియర్ డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, ఈఎంజీ టెక్నీషియన్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆదోని నుంచో ఆలూరు నుంచో బస్సెక్కి వచ్చిన పేషెంటు టేబుల్ మీద ఒక కాగితం పెడతాడు. "కరెంటు పెట్టి చూసినారు సార్, నరం రూపాయికి తొంభై పైసలు చచ్చిపోయిందంట" అంటాడు. కాగితం మీద ఫేషియల్ నర్వ్, కుడి పక్క, 90 శాతం అని ఉంటుంది, అంతే. మూతి ఏ రోజు వంకర పోయిందో ఉండదు. ఏ పక్క ఎన్ని మిల్లీవోల్టులు వచ్చాయో ఉండదు. ఆ తొంభై పోయిన భాగమా, మిగిలిన భాగమా అన్నది కూడా తేలదు. ఆ ఒక్క అంకె పట్టుకుని ఆ కుటుంబం ఆపరేషన్‌కు డబ్బు ఎక్కడ తేవాలా అని ఆలోచన మొదలుపెట్టి ఉంటుంది. ఈ సాయంత్రం మనం మాట్లాడుకోవలసింది ఆ అంకె గురించే. దాన్ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి, ఎందుకు అన్నది చూద్దాం.

ముందు నరం దారి గుర్తు చేసుకుందాం. ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడి మెదడు కాండంలో బయలుదేరి, చెవి వెనకాల ఎముకలో సన్నటి సొరంగం గుండా సుమారు 3 సెంటీమీటర్లు ప్రయాణం చేసి, చెవి తమ్మె కింద బయటికి వస్తుంది. సొరంగం మొదట్లో, లోపలి చెవి దగ్గర, దారి అన్నిటికన్నా ఇరుకు. జ్యూరిక్ సర్జన్ ఫిష్ కొలిచిన లెక్కలో అక్కడ వ్యాసం 0.68 మిల్లీమీటర్లు. కారణం తెలియకుండా ముఖం ఒక పక్క ఉన్నట్టుండి పడిపోయే బెల్స్ పాల్సీలో నరం వాచినప్పుడు నలిగేది ముఖ్యంగా అక్కడే. మనం కరెంటు ఇచ్చేది మాత్రం నరం ఎముకలోంచి బయటపడ్డాక, చెవి తమ్మె కింద. దెబ్బ ఒకచోట, పరీక్ష ఇంకోచోట. ఈ టెస్టు బలమూ బలహీనతా రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

మన కేసీ కెనాల్‌నే తీసుకోండి. నీళ్లు వదిలే సుంకేసుల బ్యారేజీ దగ్గర గేట్లు దించేశారనుకుందాం. దిగువన పొలం పక్కన మోటారు పెట్టుకున్న రైతుకు ఆ రోజే నీళ్లు ఆగవు. కాలువలో నిలిచిన నీళ్లు ఉన్నంతకాలం మోటారు తోడుతూనే ఉంటుంది. ఆ మోటారును చూసి గేటు తెరిచి ఉందని ఎవరైనా అంటే తప్పు. నరం సంగతీ ఇంతే. ఎముకలో నరం పూర్తిగా తెగిపోయినా, తెగిన చోటికి దిగువన ఉన్న పోగులు సుమారు మూడు రోజులు కరెంటుకు బాగానే స్పందిస్తాయి. అగస్టస్ వాలర్ 1850లో వర్ణించిన క్షీణత ఇదే. పోగు చావడం దిగువకు వ్యాపించి, కరెంటుకు జవాబు పూర్తిగా పోవడానికి వారం దాకా పడుతుంది. అందుకే మొదటి 72 గంటల్లో చేసిన టెస్టు నార్మల్ అని వచ్చినా అది నార్మల్ కాదు. ఆ రిపోర్టు చూసి "నరం బాగుంది, భయం లేదు" అని పేషెంటుకు చెప్పడం ప్రమాదం.

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కు ఉంది. "మూడో నాడు చేసినారు" అని పేషెంటు చెబితే, మన లెక్కలో వచ్చిన రోజు కూడా అందులో కలిసే ఉంటుంది. ఆదివారం రాత్రి మూతి వంకర పోతే మంగళవారం పొద్దున మూడో నాడే. గంటల్లో చూస్తే 36 కూడా దాటలేదు. కాబట్టి "ఎన్నో రోజు" అని అడగొద్దు. ఏ తేదీ, ఏ పూట అని అడగండి. తేదీ గుర్తులేకపోతే ఊరి సంత రోజుకు ముందా తర్వాతా అని అడగండి, అమావాస్య ఎప్పుడు పడిందో అడగండి, చెప్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి: గడియారం మొదలయ్యేది మూతి కాస్త లాగిన రోజు నుంచి కాదు, ముఖం పూర్తిగా కదలకుండా పోయిన రోజు నుంచి. బెల్స్ పాల్సీ చాలామందిలో రెండు మూడు రోజులు పెరుగుతూ పోతుంది. రెండు తేదీలూ రాయాలి.

మరి చికిత్స? ముఖ్యమైన మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 72 గంటల లోపలే మొదలుపెట్టాలి. 2007లో వచ్చిన స్కాట్లండ్ ట్రయల్‌లో 25 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, పది రోజులు ఇచ్చారు. తొమ్మిది నెలలకు ముఖం పూర్తిగా మామూలైనవారు ప్రెడ్నిసొలోన్ తీసుకున్నవారిలో 94.4 శాతం, తీసుకోనివారిలో 81.6 శాతం. ఇప్పుడు రెండు గడువులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మందు 72 గంటల లోపల, టెస్టు 72 గంటల తర్వాత. అంటే స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది ఈ టెస్టు ఎన్నటికీ నిర్ణయించదు. టెస్టు రిపోర్టు వచ్చాక మందు మొదలుపెడదామని ఆగితే పేషెంటుకు జరిగేది నష్టమే. షుగర్ ఉంటే షుగర్ చూసుకుంటూ ఇవ్వాలి. కన్ను మూతపడకపోతే పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి టేపు అంటించడం మొదటి రోజే మొదలవ్వాలి. మన దుమ్ముకు, ఎండకు తెరిచి ఉన్న కంటి నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడటానికి ఎక్కువ రోజులు పట్టదు.

అసలు ఎవరికి ఈ టెస్టు అవసరం? ముఖంలో కాస్తయినా కదలిక ఉన్నవాళ్లకు అవసరం లేదు. కనుబొమ్మ రవ్వంత లేచినా, పెదవి మూల కొంచెం కదిలినా, నరంలో సజీవమైన దారి ఉందని కళ్లే చెబుతున్నాయి. డెన్మార్క్‌లో పీటర్సన్ ఏ మందూ ఇవ్వకుండా గమనించి 2002లో ప్రచురించిన లెక్క ఉంది. 1,701 మంది బెల్స్ పాల్సీ పేషెంట్లలో 71 శాతం మందికి ముఖం పూర్తిగా మామూలైంది. మొదట్లో పాక్షికంగా మాత్రమే పడిపోయినవారిని విడిగా చూస్తే 94 శాతం. నాటు వైద్యంలో ముక్కులో పసరు పోయించుకున్నవాళ్లలో చాలామందికి నయం కావడం వెనక ఉన్నది కూడా ఈ లెక్కే. అయితే పసరు కోసం తిరిగే ఆ నాలుగు రోజుల్లో స్టెరాయిడ్ గడువు దాటిపోతుంది, అది మనల్ని బాధపెట్టాల్సిన విషయం. పూర్తిగా పడిపోయినవారిలో నయమయ్యే శాతం 61కి తగ్గింది. టెస్టు వీళ్లకోసం. అమెరికా ఈఎన్‌టీ సంఘం 2013 మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి: పాక్షికమైతే చేయొద్దు, పూర్తిగా పడిపోతే చేయవచ్చు.

ఇప్పుడు టెస్టు దగ్గరికి వద్దాం. పాత పద్ధతిలో చిన్న స్టిమ్యులేటర్ పెట్టి, కండరం కనీకనిపించకుండా అదిరే కనీస కరెంటు ఎంతో రెండు పక్కలా చూసేవారు. 3.5 మిల్లీఆంపియర్ల కన్నా ఎక్కువ తేడా ఉంటే క్షీణత అనేవారు. అదిరిందా లేదా అన్నది చూసేవారి కంటిని బట్టి మారుతుంది. పైగా కనీస కరెంటుకు ముందు పలికేది చర్మానికి దగ్గరగా ఉన్న, లావు పోగులే. ఎన్ని పోగులు పోయాయో అది చెప్పదు. ఈ లోటు తీర్చడానికే 1970ల్లో జ్యూరిక్‌లో ఎస్లెన్, ఫిష్ ఎలక్ట్రోన్యూరోగ్రఫీని వాడుకలోకి తెచ్చారు. మన ఊళ్లో నరాల వేగం కొలిచే ఎన్‌సీవీ మెషీన్ మీద చేసే ఫేషియల్ టెస్టు దాదాపు అదే. నరానికి నిండుగా కరెంటు ఇచ్చి, కండరం నుంచి వచ్చే అల ఎత్తును రెండు పక్కలా కొలిచి పోల్చడం.

టెక్నీషియన్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, ఎందుకంటే ఈ అంకె నిలబడేదీ కూలేదీ మీ చేతిలోనే.

పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి ముఖం కడిగించండి. పసుపు, పౌడరు, నూనె ఏవీ ఉండకూడదు. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఎలక్ట్రోడ్ పెట్టండి. ఇంపీడెన్స్, అంటే చర్మం దగ్గర కరెంటుకు పడే అడ్డు, 5 కిలోఓమ్‌ల లోపల ఉండాలి. ముక్కు రెక్క మీది నేజాలిస్ కండరం మీద ఒకటి, అవతలి ముక్కు రెక్క మీద రిఫరెన్సు, గడ్డం మీద గ్రౌండ్. మన ఆడవాళ్లకు ముక్కుపుడక ఉంటుంది, సరిగ్గా మనకు కావలసిన చోటే. తీయగలిగితే తీయించండి. తీయలేని పాత పుడక అయితే రెండు పక్కలా ముక్కు నుంచి పెదవి మూలకు దిగే మడత దగ్గరికి మారండి. ఒక పక్క రెక్క మీద, రెండో పక్క మడత దగ్గర పెట్టి పోల్చితే ఆ శాతానికి అర్థమే లేదు.

స్టిమ్యులేటర్ చెవి తమ్మె కింద, మాస్టాయిడ్ ఎముకకు ముందు. కాథోడ్ (మైనస్ కొన) ముఖం వైపు. పల్స్ 0.2 మిల్లీసెకన్లు. బాగున్న పక్కతో మొదలుపెట్టండి, పేషెంటుకు అలవాటవుతుంది, మీకు చోటు తెలుస్తుంది. 5 మిల్లీఆంపియర్ల చొప్పున పెంచుతూ పోండి. ఒక దశలో కరెంటు పెంచినా అల ఎత్తు పెరగదు. అక్కడ ఆగకుండా ఇంకో 20 శాతం పెంచి, అప్పుడు వచ్చిన అలను రికార్డు చేయండి. సుప్రామాక్సిమల్ అంటే ఇదే. నరం మొత్తం పలికింది అనడానికి వేరే రుజువు లేదు. నొప్పి అని పేషెంటు ముఖం చిట్లిస్తే జాలిపడి మధ్యలో ఆపేస్తాం. బాగున్న పక్క అలా సగంలో ఆపితే ఏమవుతుందో లెక్క వేద్దాం.

బాగున్న పక్క అసలు అల 2.0 మిల్లీవోల్టులు, పడిపోయిన పక్క 0.2 అనుకోండి. మిగిలింది 10 శాతం, పోయింది 90. బాగున్న పక్క నిండుగా కరెంటు ఇవ్వకపోవడం వల్ల 1.4 వచ్చిందనుకోండి. పోయింది 86 అయిపోతుంది. ఇంకో తప్పు చూడండి: పడిపోయిన పక్క స్టిమ్యులేటర్ కాస్త ముందుకు జరిగి దవడ కండరం మాసెటర్‌ను నేరుగా తాకింది. ఆ కండరానిది ఏడో నాడి కాదు, అయిదో నాడి. ముఖం కదలకపోయినా దాని అల 0.1 మిల్లీవోల్టు మన రికార్డులో చేరి 0.3 అయితే, పోయింది 85 అని కనిపిస్తుంది. 90 శాతం పోయిందా అన్నదే ఆపరేషన్ మాట ఎత్తాలా వద్దా అనే నిర్ణయానికి గీత, ఈ లెక్కలో అది 0.2 మిల్లీవోల్టుల దగ్గర ఉంది. 0.1 తప్పు దాన్ని అటూ ఇటూ తోసేస్తుంది.

మాసెటర్ అలను ఎలా గుర్తుపట్టాలి? అది ముందే వచ్చేస్తుంది, నిటారుగా పైకి లేవకుండా మొదట కిందికి దిగుతుంది. నేజాలిస్ అల మొదలు కావడానికి 3, 4 మిల్లీసెకన్లు పడుతుంది. స్క్రీన్‌తో పాటు దవడ మీద కూడా ఒక వేలు వేసి ఉంచండి. పళ్లు కొరికినట్టు దవడ గట్టిపడితే స్టిమ్యులేటర్‌ను వెనక్కి, పైకి జరపండి.

కర్నూలు మే నెల గురించి ఒక మాట. ఉక్కపోతకు చెమట, దానికి తోడు ఎక్కువ పేస్టు. స్టిమ్యులేటర్ రెండు కొనల మధ్య తడి కలిసిపోతే కరెంటు చర్మం మీదనే దాటిపోతుంది, నరానికి అందదు. 50 మిల్లీఆంపియర్లు చూపిస్తూ ఉంటుంది, అల మాత్రం చిన్నది. రెండు కొనల మధ్య పొడిగా తుడిచి మళ్లీ చేయండి. 50 హెర్ట్జ్ లైన్ నాయిస్ వస్తే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసేసే నాచ్ ఫిల్టర్ వేయొద్దు, అది అల ఆకారాన్నే మార్చేస్తుంది. గ్రౌండ్ మళ్లీ అంటించండి, మంచం పక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేయించండి. ఒక పక్క పెట్టిన ఫిల్టరే రెండో పక్కా ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా, ఏ జబ్బూ లేని మనిషిలోనే రెండు పక్కల మధ్య 20, 30 శాతం తేడా రావచ్చు. అందుకే 40 శాతం పోయింది, 55 శాతం పోయింది అనే అంకెల మధ్య తేడా పట్టుకుని జోస్యం చెప్పకండి. 90 గీతకు చాలా ఇవతల ఉంటే బాగవుతుందనే నమ్మకం గట్టిగా ఉంటుంది, అంతవరకు చెప్పండి.

పోలికకు బాగున్న పక్క ఉండాలి కదా. రెండు పక్కలా పడిపోతే శాతమే లేదు. అప్పుడు గులియన్-బారే లాంటి, ఒంట్లోని నరాలన్నిటినీ పట్టే జబ్బులు వెతకాలి. లోగడ రెండో పక్క ఒకసారి పడి లేచినవారిలోనూ ఈ పోలిక నమ్మదగింది కాదు. ఇంకొకటి, చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉండి, కన్ను మాత్రమే మూతపడకపోతే కుష్ఠు గుర్తుకు రావాలి. అక్కడ దెబ్బ ఎముకలో కాదు, చెంప మీది కొమ్మలో. నేజాలిస్ అల నిండుగా రావచ్చు, కన్ను మాత్రం తెరిచే ఉంటుంది.

గడువుకు రెండో చివర కూడా ఉంది. రెండు మూడు వారాలు దాటాక ఈ టెస్టు మళ్లీ అబద్ధం చెబుతుంది, ఈసారి అటువైపు. చెక్కభజన చూశారు కదా. ఇరవై మంది చెక్కలు ఒకేసారి పడితే ఊరు అదిరే ఒక్క చప్పుడు. అదే ఇరవై మంది తలా ఒక క్షణం తేడాగా కొడితే చప్పుడు చెదిరిపోతుంది, మనుషులు తగ్గలేదు. కోలుకుంటున్న పోగుల వేగాలు ఒక్కోటి ఒక్కో తీరు. వాటి అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం ఎత్తు తగ్గిపోతుంది. ముఖం కదలడం మొదలైనా రిపోర్టులో 90 శాతం పోయిందని వస్తుంది. అలాంటప్పుడు ముఖాన్ని నమ్మండి, అంకెను కాదు.

కాబట్టి ఈ టెస్టు పనికొచ్చే గడువు 4వ రోజు నుంచి 14వ రోజు దాకా. దగ్గరలో ఉండే పేషెంటుకు రెండు మూడు రోజులకొకసారి చేసి, అదే చోట్లలో ఎలక్ట్రోడ్లు పెట్టి, పడిపోతున్న వేగం చూడాలి. ఒక్కసారి మాత్రమే రాగలిగితే పదో రోజు దరిదాపుల్లో చేయండి. చెవిలో నీటి పొక్కులతో వచ్చే రామ్సే హంట్‌లో క్షీణత ఇంకా ఆలస్యంగా సాగవచ్చు, అక్కడ మూడో వారం దాకా కనిపెట్టి ఉండాలి.

90 దాటిందని తేలితే? ఆపరేషన్ మాట ఎత్తే ముందు సూది ఈఎంజీ, అంటే కండరంలో సూది పెట్టి దాని కరెంటు చప్పుడు వినే పరీక్ష, చేయాలి. పేషెంటు ప్రయత్నించినప్పుడు ఒక్క మోటారు యూనిట్ (ఒక నరం పోగు, అది ఆడించే కండర పోగులు) అయినా పలికితే ఆపరేషన్ వైపు వెళ్లొద్దు. గాంట్జ్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండు షరతులూ పెట్టింది: 14 రోజుల లోపల 90 శాతానికి మించిన క్షీణత, ఈఎంజీలో స్వచ్ఛంద కదలిక లేకపోవడం. అలాంటివారిలో పుర్రె మధ్య గుంట గుండా నరాన్ని విడిపిస్తే 91 శాతం మందికి మంచి ఫలితం, స్టెరాయిడ్ మాత్రమే తీసుకున్నవారిలో 42 శాతం. అంకెలు ఆకర్షణీయంగా ఉన్నాయి. కానీ ఎవరు ఏ చికిత్సలోకి వెళ్లాలన్నది చీటీ వేసి నిర్ణయించలేదు, పేషెంట్లే ఎంచుకున్నారు. పుర్రె తెరిచే ఆపరేషన్‌లో చెవుడు లాంటి ముప్పులున్నాయి. 2013 మార్గదర్శకాలు ఈ ఆపరేషన్‌కు అవుననీ కాదనీ చెప్పలేదు. అంత పెద్ద నిర్ణయం 0.1 మిల్లీవోల్టు మీద నడుస్తుందని గుర్తుంటే, 90 వచ్చిన టెస్టును మర్నాడు మళ్లీ చేయకుండా పంపరు.

బ్లింక్ రిఫ్లెక్స్ గురించి కూడా చెప్పాలి. కనుబొమ్మ పైన నరానికి చిన్న కరెంటు ఇస్తే రెప్ప కొట్టుకుంటుంది. మొదటి జవాబు సుమారు 10, 11 మిల్లీసెకన్లకు, రెండోది 30కి అటూ ఇటూ. ఇది సుంకేసుల నుంచి పొలం దాకా మొత్తం కాలువను చూసే పరీక్ష. ఎముకలో అడ్డు పడితే మొదటి రోజే జవాబు పోతుంది. కానీ తాత్కాలికంగా ఆగిందా, పోగులు చచ్చాయా అన్నది విడదీసి చెప్పదు. జవాబు మిగిలి ఉంటే, లేదా మొదటి రెండు వారాల్లో తిరిగొస్తే, అది మంచి సూచన.

రిపోర్టులో ఇవి ఉండాలి: ముఖం పూర్తిగా పడిపోయిన తేదీ, టెస్టు తేదీ, రెండు పక్కల మిల్లీవోల్టులు, ఇచ్చిన కరెంటు, ఏ కండరం మీద. శాతం రాస్తే "మిగిలినది" అనో "పోయినది" అనో అక్షరాల్లో రాయండి. రెండు అలల బొమ్మలూ జత చేయండి.

సభలో వచ్చిన రెండు ప్రశ్నలు, వాటికి జవాబులు:

"ఫిజియోథెరపీలో కరెంటు పెట్టించుకుంటే నరం త్వరగా లేస్తుందా?"

పేషెంట్లు రెంటినీ ఒకే మాటతో పిలుస్తారు గనక ఈ గందరగోళం. పరీక్ష కరెంటు కొలవడానికి. ఫిజియోథెరపీ కరెంటు కండరాన్ని ఆడించడానికి. దానివల్ల నరం త్వరగా కోలుకుంటుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. అద్దం ముందు మెల్లగా చేసే వ్యాయామాలు, కదలికలను విడదీసి నేర్పడం మీద మీ సమయం పెట్టండి.

"ఆరు నెలలైంది, ముఖం సరిగా రాలేదు. ఏ టెస్టు పంపాలి?"

శాతం టెస్టు పంపొద్దు, ఆ దశలో దానికి పని లేదు. మూడు నాలుగు నెలలకు కూడా ఏ కదలికా రాకపోతే అది బెల్స్ పాల్సీయేనా అని మొదట అనుమానించి ఎంఆర్‌ఐ తీయాలి, నరం మీదా, చెంపలోని లాలాజల గ్రంథిలోనూ గడ్డలు వెతకాలి. ఆ తర్వాత సూది ఈఎంజీ. కొత్తగా పుట్టే, ముక్కలు ముక్కలుగా ఉండే చిన్న యూనిట్లు కనిపిస్తే నరం చేరుతోంది, ఇంకా ఆగవచ్చు. ఫిబ్రిలేషన్లు (నరం లేని కండర పోగులు వాటంతటవే అదరడం) మాత్రమే ఉండి యూనిట్లు లేకపోతే కండరం బతికే ఉంది, నరం అందలేదు. ఏడాది, ఏడాదిన్నర లోపల వేరే నరాన్ని కలిపే సర్జన్ దగ్గరికి పంపాలి. సూది పెట్టినా ఏ చప్పుడూ లేకుంటే కండరమే పోయినట్టు, నరం కలిపి లాభం లేదు. ఇక అన్నం నములుతుంటే కన్ను మూసుకుపోతోందని చెప్పే పేషెంట్లకు పోగులు దారి తప్పి మొలిచాయి. బ్లింక్ రిఫ్లెక్స్ చేస్తూ పెదవి కండరం మీద కూడా ఒక ఎలక్ట్రోడ్ పెట్టండి. మామూలు మనిషిలో అక్కడ ఏమీ రాదు. వీళ్లలో రెప్పతో పాటు పెదవి మీదా జవాబు వస్తుంది.